వడ్రంగిపిట్టకు లేని పట్టింపు

ఇంట్లో కోడలు కడుపుతో ఉంటే మేకు కొట్టకూడదని మా అమ్మ పట్టింపు. ఇల్లు బాగుచేయించడం, జీవాన్ని చంపడం కూడా ఆ కోడలి భర్తకు నిషిద్ధం. ఆ సంగతి వడ్రంగిపిట్టకు చెప్పేవాళ్లెవరు?

మొగల్తూరు దగ్గర మాది పెంకుటిల్లు. నా భార్యకు అప్పుడు ఐదో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి మంచం దిగవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. సరిగ్గా ఆమె పడుకున్న గది కిటికీ పైన, చూరు కింద బయటికి పొడుచుకొచ్చిన తాటిదూలమే దొరికింది ఆ పిట్టకు. తెల్లవారితే చాలు, టకటకా మొదలు. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు. దీనికి కూతతో పనే లేదు, ముక్కు చాలు. దెబ్బ దెబ్బకూ నా భార్య ఉలిక్కిపడి పొట్ట మీద చెయ్యి వేసుకునేది. అది చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

"దూలానికి ఓ రేకు ముక్క కొట్టేస్తే పోద్ది కదమ్మా," అన్నాను.

"ఒరే, ఇప్పుడు మేకు కొడతావా? బిడ్డ నిలవాలా వద్దా?"

"మరి అది పొద్దస్తమానం కొడుతూనే ఉంది కదా!"

"అది నోరులేని జీవం. దానికేం తెలుసు? నీకు తెలుసు కదా."

ఈ న్యాయానికి ఎదురుచెప్పే తెలివి నాకు లేదు. ధైర్యం అంతకన్నా లేదు. ఇలాంటివి నమ్మనని నలుగురిలో అంటాను గానీ, ఏదైనా జరిగితే ఆ మేకును జన్మంతా మోయాల్సింది నేనే.

కాబట్టి మేకులు లేని దారులు వెతికాను. చేపల చెరువు మీద కొంగలు వాలకుండా కట్టే మెరుపు రిబ్బన్లు తెచ్చి చూరుకు వేలాడదీశాను. ఒక పూట భయపడింది, తరువాత వాటి పక్కనే వాలి పని చేసుకుంది. డబ్బా వాయించాను. పిట్ట కొబ్బరిచెట్టు మీదికి పోయి, నేను లోపలికి రాగానే తిరిగొచ్చింది. ఆ డబ్బా మోతకు నా భార్యే ఎక్కువ అదిరిపడింది.

చివరికి చెరువు గట్టున పడి ఉన్న పాత వల తెచ్చి దూలం మీద కప్పాను. అదే నేను చేసిన పొరపాటు. చెరువు మీద వలను బిగించి కడతాం. ఇక్కడ బిగించడానికి మేకులు లేవు, వదులుగా వేలాడింది. మర్నాడు పిట్ట కాలు అందులో చిక్కుకుంది. తలకిందులై రెక్కలు కొట్టుకుంటోంది.

"ఏవండీ, దాన్ని వదిలించండి, త్వరగా!" అని లోపల్నుంచి నా భార్య ఏడుపు.

కత్తెరతో వల కత్తిరించాను. అది నా వేలిని పొడిచి మరీ ఎగిరిపోయింది. వల తీసి పారేశాను. కొన్నాళ్లు చప్పుడు లేదు. అది చచ్చిపోయిందేమోనని అమ్మ రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేది. ఒక పొద్దున మళ్లీ టకటకా వినబడితే ముగ్గురం నవ్వుకున్నాం.

ఆరో నెల నిండకుండానే బిడ్డ పోయింది. భీమవరం ఆసుపత్రి నుంచి వట్టి చేతులతో ఇంటికొచ్చాం. ఎందుకిలా జరిగిందో డాక్టరుగారికీ తెలియదు. మేం మేకు కొట్టలేదు, జీవాన్ని చంపలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తోచలేదు.

ఆ పిట్ట మాత్రం వస్తూనే ఉంది. ఒకరోజు పట్టలేక నిచ్చెన వేసి, రేకూ సుత్తీ మేకులూ పట్టుకుని ఎక్కాను. అమ్మ వాకిట్లో నిలబడి చూస్తోంది. వద్దనలేదు. ఒక్కసారి వద్దంటే బాగుండునని ఎంత అనిపించిందో.

సుత్తి ఎత్తాను. కిటికీలోంచి నా భార్య పిలిచింది.

"వద్దులెండి. దాన్ని కొట్టుకోనివ్వండి. ఇంట్లో ఏదో ఒక చప్పుడు ఉండాలి కదండీ."