గేటు వైపు చూసే పిల్లలు

అరకు సంతలో పచ్చి అల్లం రాశుల పక్కన నిలబడితే చాలు, నాకు రాజేశ్వరి మేడమ్ గుర్తొచ్చేస్తారు. మట్టి వదలని అల్లం ముక్క విరిస్తే వచ్చే ఆ ఘాటు ఆవిడదే. ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపులో తిప్పుతుందని బుగ్గన అల్లం ముక్క పెట్టుకుని జీపెక్కేవారు. లోయలోకి దిగాక కూడా దాన్ని వదిలేవారు కాదు. మనస్తత్వశాస్త్రంలో పరిశోధన ఎలా చెయ్యాలో నాకు నేర్పింది ఆవిడే.

ఆవిడది విజయనగరం వైపు పల్లె, నాది సాలూరు. నాకో పేరుందని తెలియనట్టు "సాలూరు గుంటా" అనే పిలిచేవారు; మా వైపు గుంట అంటే ఆడపిల్ల. క్లాసులో పద్ధతిగా మాట్లాడే మనిషి, జీపెక్కితే సొంత యాసలోకి వచ్చేసేవారు. ఆవిడ దగ్గర చేరిన కొత్తలో ఓసారి, "చరం అంటే ఏటే?" అని అడిగారు. గైడు పుస్తకంలో ఉన్నది గడగడా అప్పజెప్పాను.

"సాల్లే. పప్పులో ఉప్పు మార్చావు, రుచి మారిందా నేదా సూత్తావు. నువ్వు మార్చింది స్వతంత్ర చరం, నువ్వు సూసింది పరతంత్ర చరం. మరి ఆ పూటే పప్పు కూడా మార్చేసేవనుకో, రుచి దేనివల్ల మారిందో సెప్పగలవా?"

"చెప్పలేను మేడమ్."

"అదీ. ఒకటే మార్చాలి, మిగతాయి కదలకూడదు."

అప్పుడు మేము వెళ్తున్నది అరకు దగ్గర ఒక హాస్టల్ బడికి. అక్కడ వారానికో గంట పిల్లలకు వాళ్ల ఇంటి భాష కువిలో కథలు చెప్పేవారు. దానివల్ల ఉపయోగం లేదని తేలితే ఆ గంట తీసేసి లెక్కలు పెట్టాలని హెడ్మాస్టరుగారి ఆలోచన. తేల్చి చెప్పమని మేడమ్‌ను అడిగారు. కథ ఇంటి భాషలో వింటే ఎక్కువ గుర్తుంటుందా, తెలుగులో వింటేనా అన్నదే మా ప్రయోగం. కువిలో కథలు చెప్పే లచ్చిమి సంత రోజునే అల్లం అమ్మడానికి కొండ దిగేది, అందుకని కువి కథ ఎప్పటిలాగే ఆ రోజునే పెట్టాం. అదే కథ ఇంకో జట్టుకు మర్నాడు తెలుగులో నేను చెప్పాను.

తీరా చూస్తే కువిలో విన్నవాళ్లకే తక్కువ గుర్తుంది! "నేననుకున్నదే కదమ్మా, రిపోర్టు బేగి ఇచ్చీండి" అన్నారు హెడ్మాస్టరుగారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. మేడమ్ మాత్రం కాగితం ముట్టుకోలేదు.

"ఇంకేటి మారింది?" అన్నారు.

"భాష ఒక్కటే కదా మేడమ్."

"కాదే. పద, సూద్దాం."

తర్వాతి సంత రోజున మేడమ్ వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నారు. లచ్చిమి చేతులు తిప్పుతూ కథ చెబుతోంది, పిల్లలేమో మాటిమాటికీ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. కథ అయ్యాక సొంబారి అనే చిన్నపిల్లను మేడమ్ దగ్గరకు తీసుకున్నారు.

"కత బాగోనేదా తల్లీ?"

"బాగుందండీ. మా యమ్మ సంతకొచ్చింది. గేటు కాడికొచ్చి నన్ను సూసి ఎల్లిపోద్ది. నేను కనబడకపోతే జీపెల్లిపోద్దని ఎల్లిపోద్ది."

మేడమ్ బుగ్గన అల్లం ముక్క కదలడం ఆగిపోయింది. వారమంతా ఎదురుచూసిన అమ్మ గేటు దగ్గరికొచ్చే పూట, పిల్లకు ఏ భాషలో చెబితే మాత్రం కథ చెవికెక్కుతుంది?

నాకు ఉత్సాహం ఆగలేదు. "పాత ఫలితం పారేసి, ఇంటి భాషే మేలని రాసేద్దాం మేడమ్" అన్నాను.

"నోర్ముయ్యి. అలా పారేసి రాసేత్తే మనదీ పరిశోధనేనా? మళ్లీ సేద్దాం. ఈసారీ అలాగే వత్తే అలాగే రాత్తాం."

"కథల గంట పోతుంది మేడమ్!"

"పోతే పోనీ. అబద్ధం మీద నిలబెడితే ఆ పిల్లలకేటి ఒరుగుద్దే?" అన్నారు. ఆ మాటంటున్నప్పుడు ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి.

సంత లేని రోజులు చూసుకున్నాం. చీటీలు వేసి పిల్లల్ని కొత్తగా రెండు జట్లు చేశాం. ఈసారి కొత్త కథ, ఒక్కో రోజు ఒక్కో జట్టుకు, ఇద్దరికీ అదే కథ, అదే వేళకు. చెప్పే మనిషి మారినా చరమేనని రెండు భాషల్లోనూ లచ్చిమి చేతే చెప్పించారు. "అల్లం నేకుండా కొండ దిగడం నాకిదే మొదలమ్మా" అని నవ్వింది లచ్చిమి. ఈసారి కువిలో విన్న పిల్లలు కథను కొసదాకా, పిట్టల కూతలతో సహా అప్పజెప్పారు. మేడమ్ రిపోర్టులో రెండు ఫలితాలూ రాశారు, మొదటిది ఎందుకు నమ్మకూడదో కూడా రాశారు. అది చదివాక హెడ్మాస్టరుగారు కథల గంటను వేరే రోజుకు మార్చారు. సంత రోజున ఆ గంట పిల్లల్ని గేటు దగ్గరికి వదిలేయమన్నారు. తర్వాతి సంతకు సొంబారి గేటు దగ్గర వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని నిలబడి ఉండగా చూశాను. నా చదువుకు నాకు దక్కిన జీతం అదేననిపించింది.

మేడమ్ ఇప్పుడు లేరు. నేను చెప్పే పాఠంలో సగం ఆవిడదే, మిగతా సగం ఆవిడ దగ్గర తిన్న చీవాట్లు. ఇవాళ నాతో సంతకు వచ్చిన నా విద్యార్థిని, ఈ కొండ మీద బడిలో తను సేకరించిన లెక్కలన్నీ తీసుకొచ్చి, "ఈ పిల్లలకు ఏకాగ్రత తక్కువ మేడమ్, స్పష్టంగా తేలిపోయింది" అంది.

అల్లం ముక్క ఒకటి విరిచి బుగ్గన పెట్టుకున్నాను.

"పదవే, ఆ బడికెళ్లి వెనక బెంచీలో కూర్చుందాం" అన్నాను. "వాళ్లు ఎటు సూత్తన్నారో సూద్దాం."