మా చెల్లెలు పారేసిన మందు

ఆటిజం ఉన్న మా చెల్లెలికి సరిగ్గా నిద్ర పట్టదు. డాక్టరు రాసిచ్చిన గంజాయి మందుతో తన బిడ్డ నెమ్మదించినాడని విదేశంలో ఒకామె రాసుకుంటే, నెట్ సెంటర్లో చదివి ఇంట్లో చెప్పినాను. ఈ రోజు నాయన గంజాయాకు పొట్లం తెచ్చి, పాలల్లో కాచమని అమ్మకిచ్చినాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఆ విదేశపామె డాక్టరును అడిగింది నాయనా. నువ్వు కొండ కింద చిలుం పీల్చే సామిని అడిగినావు.”

“చదివొచ్చి చెప్పింది నువ్వే గదరా?”

మేము అరుచుకుంటా ఉంటే చెల్లెలు వచ్చి పొట్లం వాసన చూసింది. కొత్త సబ్బు వాసనకే వాంతి చేసుకునే పిల్ల. నేరుగా పోయి కాలవలో పారేసి, చేతులు కడుక్కొనింది.

“మీ డాక్టరు కంటే తొందరగా చెప్పేసిందిరా,” అని నాయన నవ్వేసినాడు.

మందు తాగాల్సిన మనిషిని వదిలేసి మేమిద్దరం అంతసేపు కొట్లాడినాం. మీ ఇళ్ళల్లోనూ ఇంతేనా అప్పా?