రెండు వేళ్ల సైగ

అల్లూరులో మా చర్చిలో ఆడవాళ్ల వైపు మొదటి వరస ఆమెది. చిన్నాపెద్దా అందరికీ అక్కే. ప్రార్థన మొదలవబోతుంటే వెనక్కి తిరిగి, రెండు వేళ్లతో తన ముసుగు అంచు కాస్త ముందుకు లాగేది. మాట ఉండదు. ఆ సైగకే వెనక వరసల్లో కొంగులూ చున్నీలూ తలల మీదికెక్కేవి.

కాలేజీ చదువు పొగరుతో ఒకసారి అన్నాను, "బైబిల్లో ఆ ముసుగు మాటంతా ఆ కాలం వాళ్లకి రాసిందక్కా."

"దేవదూతల కోసం కప్పుకోమనే గదా అందులో ఉండేది. వాళ్లు ఈ కాలంలో చూడ్డం మానుకున్నారా మే?" అంది, నా చున్నీ సర్దుతూ.

ఒక ఎండాకాలం, రొయ్యల గుంట గట్టు మీద ఆమె భర్త గుండె పట్టుకుని కూలబడ్డాడు. నేను పరుగెత్తి వెళ్లేసరికి, ఆయన తల ఒళ్లో పెట్టుకుని, కొంగుతో ఆయన ముఖం తుడుస్తూ, గొంతెత్తి ప్రార్థన చేస్తోంది. ముసుగు లేని ఆమె తల చూడటం నాకదే మొదలు. సగం నెరిసి ఉంది. ఆటో వచ్చేలోపే ఆయన పోయాడు.

సమాధి దగ్గర ఎవరో గొణిగారు, "తలమీద గుడ్డ లేకుండా అడిగితే దేవుడెట్ట వింటాడు?"

ఆ మాట ఆమె చెవిన పడింది.

ఆ తర్వాతి ఆదివారం ఒక కొత్త కోడలు తల కప్పుకోకుండా కూర్చుంది. అందరూ ముందు వరస వైపు చూశారు. అక్క వెనక్కి తిరిగింది. రెండు వేళ్లు కొంగు దాకా వెళ్లి ఆగిపోయాయి.

"చెప్పక్కా," అంది పక్కనున్నామె.

"గుడ్డ లేదని మొర వినని దేవుడైతే, ఇన్నాళ్లూ నేను కప్పుకునింది ఎవురికి?"

అంతే అంది. తన ముసుగు సర్దుకుని మోకరించింది.