సోమరాజు ఎడమకాలు

మా మరిది సోమరాజు ఎడమకాలికి స్పర్శ పోయిందని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. షుగరు చేసిన పని అది. ఒకరోజు పెరట్లో పాదానికి గాజుపెంకు దిగి, రక్తం కారుతున్నా తెలియక తాపీగా ఇంట్లోకి నడిచి వచ్చాడు. నేను కేక వేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అరవకు వదినా. మావాడికి తెలిస్తే బండి తాళాలు లాక్కుంటాడు. వట్లూరు తీసుకుపోయి టీవీ ముందు కూలేస్తాడు. చెరువు గట్టు మళ్లీ చూడనివ్వడు. నీకు దణ్ణం పెడతాను."

దణ్ణాలు పెట్టించుకోవడం నాకిష్టమే. సరేనన్నాను.

సోమరాజు బతుకంతా కొల్లేటి నీళ్ల మధ్యే గడిచింది. మీసం రాకముందే దోనె మీద నిలబడి గెడ వేశాడు. తరవాత ఎవరెవరి చేపల చెరువులకో కాపలా కాశాడు. ఆఖరికి సొంత చెరువు చేసుకున్నాడు. పెళ్లాం పోయాక మరీనూ, ఇల్లు పడుకోవడానికే అన్నట్టయింది. తెల్లారేసరికి జీపులో గట్టు మీదుండేవాడు. చేప పైకి తేలి నోరు తెరుస్తోందంటే దానికి ఊపిరాడటం లేదన్నమాట. అలా తేలలేదని తన కళ్లతో చూసుకుంటేగానీ అతనికి కాఫీ గొంతు దిగదు. పనివాళ్లు ఫోనులో చెబితే నమ్మడు.

ఆ జీపు ఈ ఏడు మూలపడింది. వట్లూరులో ఉంటున్న కొడుకు చంద్రశేఖర్, అందరికీ సరిపోయేదీ, గట్టు మీద బురదలో నాలుగు చక్రాలూ లాగేదీ ఒక పెద్ద బండి కొందామన్నాడు. తంటా అక్కడే మొదలైంది. అందులో కాలితో క్లచ్చి తొక్కి గేర్లు మార్చుకునే రకం ఒకటి, తనంతట తనే మార్చుకునే రకం ఇంకొకటి. రెండో రకానికి ఎడమకాలితో పనే లేదు. న్యాయంగా సోమరాజు అడగవలసింది అదే. కానీ అడిగితే ఎందుకంటారు. అందుకని గేర్ల బండే కావాలని ఒంటికాలి మీద లేచాడు.

ఏలూరు షోరూములో బండి చూపించినతని పేరు మనోజ్. మాట మెత్తన.

"పెద్దాయనకి కెప్టెన్ సీటు తీసుకోండి సార్," అన్నాడు చంద్రశేఖర్‌తో.

సోమరాజు ముఖం వెలిగిపోయింది. కండువా సర్దుకుని నేరుగా వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"అది కాదండీ. మధ్య వరుసలో విడివిడిగా రెండు కుర్చీలున్నాయి చూడండి, అవండీ కెప్టెన్ సీట్లు."

"కెప్టెన్ అంటే పడవ నడిపే సరంగు కాదుటయ్యా?"

"అంతేనండీ."

"సరంగుని తీసుకెళ్లి వెనక కూర్చోబెడితే బండి ఎవడు తోల్తాడు, మీ మావయ్యా?"

అందరూ నవ్వారు. సోమరాజు నవ్వలేదు. తనని స్టీరింగు దగ్గర నుంచి లేపడానికి అందరూ కూడబలుక్కున్నారని అనుకున్నాడు.

"ఆ కుర్చీలొద్దు. అడ్డంగా బెంచీ సీటే పెట్టించు. చెరువు పట్టుబడి రోజున చేపలు పట్టే మనుషులు సర్దుకుంటారు," అన్నాడు.

కోడలు భాను నెమ్మదిగా అందుకుంది. "సీటు మీ ఇష్టం మామయ్యగారూ. గేరు మాత్రం ఆటోమేటిక్ తీసుకుందామండీ. అదైతే నేనూ నడుపుతాను. మిమ్మల్నీ పెద్దత్తయ్యగార్నీ ఆస్పత్రికి తేవాలంటే ఆయన సెలవు కోసం చూడక్కర్లేదు."

"క్లచ్చి లేనిదీ ఒక బండేనా? జాతరలో రంగులరాట్నం అది. ఎక్కి కూర్చోవడమే."

"సరే నాన్నా," అన్నాడు చంద్రశేఖర్ విసుగ్గా. "రేపు గేర్ల బండి గట్టు మీదికి తెప్పిస్తాను. మీరే నడిపి చూపించండి. బాగుంటే అదే కొందాం."

నేను నోరు మూసుకుని కూర్చున్నాను. అది నాకెంత కష్టమో నన్నెరిగినవాళ్లకి తెలుసు.

మర్నాడు మనోజ్ బండి తెచ్చేసరికి వాన వెలిసింది గానీ గట్టు మీద నల్లమట్టి వెన్నలా ఉంది. సోమరాజు స్టీరింగు ముందు, మనోజ్ పక్కన, కొడుకూ కోడలూ మధ్యలో కూర్చున్నారు. నేనూ మనవరాలు సుష్మితా ఆఖరి వరుసలో ఇరుక్కున్నాం. మోకాళ్లు గడ్డానికి తగిలే ఆ సీటు ఏ మహానుభావుడు కనిపెట్టాడో! వెనక అద్దం నిండా చెరువు నీళ్లే.

తూము దాకా బాగానే వెళ్లాం. తూము దాటాక గట్టు ఎత్తు లేస్తుంది. సగం ఎక్కామో లేదో ఎదురుగా చేపల మేత లారీ వచ్చి ఆగింది. గట్టు మీద రెండు బళ్లకి చోటు లేదు. వెనక్కి తీయాల్సింది మేమే.

సోమరాజు గేరు వేయబోయాడు. కరకరమంది.

"క్లచ్చి పూర్తిగా తొక్కండి సార్," అన్నాడు మనోజ్.

"తొక్కానయ్యా!"

"లేదండీ, పూర్తిగా..."

బండి ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది. ఆగినట్టే ఆగి వెనక్కి జారడం మొదలుపెట్టింది. తిన్నగా కాదు, చెరువు వైపు వాలుగా. వెనక అద్దంలో నీళ్లు పైకి లేచాయి. సుష్మిత "మామ్మా!" అని నా చెయ్యి పట్టుకుంది. దాని గోళ్లు దిగాయి. సోమరాజు కుడికాలితో బ్రేకు మీద నిలబడ్డాడు. మనోజ్ హ్యాండ్‌బ్రేకు పట్టి గుంజాడు. బండి నిలిచింది. వెనక చక్రం కింద నుంచి మట్టిపెళ్ల విరిగి నీళ్లలో పడిన చప్పుడు అందరం విన్నాం.

ఒక్కొక్కరం గట్టు వైపు తలుపులోంచి దిగాం. చంద్రశేఖర్ వంగి చూసి, క్లచ్చి కింద ఇరుక్కున్న చెప్పు లాగి తీశాడు.

"కాలి నుంచి చెప్పు ఊడిపోయింది నాన్నా. తెలియలేదా?"

సోమరాజు కిందికి చూసుకున్నాడు. ఎడమపాదం వట్టిగా బురదలో ఉంది. అది వట్టిదని అతనికి అప్పుడే తెలిసింది.

భాను గొంతుకూర్చుని ఆ పాదం వేలొకటి పట్టుకుంది. "పైకి చూడండి మామయ్యగారూ. ఏ వేలు పట్టుకున్నాను?"

అతను పైకి చూడలేదు. నావైపు చూశాడు. దాంతో అందరూ నావైపు చూశారు.

"ఆ కాలికి తెలియదు," అన్నాను.

"మీకు తెలుసా పెద్దమ్మా?" చంద్రశేఖర్ చేతిలో చెప్పు కింద పడేశాడు. "తెలిసే నా కూతుర్ని ఎక్కనిచ్చారా?"

నేను వంగి ఆ చెప్పు తీసి సోమరాజు కాలి దగ్గర పెట్టాను.

మనోజే అందుకున్నాడు. "ఎడమకాలు ఒక్కటే అయితే ఆటోమేటిక్ నడపొచ్చేమోనండీ. కుడికాలు బాగుందని డాక్టరుగారు చెప్పాలి."

ఆ మాటకి సోమరాజు తలెత్తాడు. ఇన్నాళ్లూ వద్దన్న బండే ఇప్పుడతనికి దిక్కయింది.

ఆ సాయంత్రమే ఏలూరులో డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాం. ఆవిడ సోమరాజుని కళ్లు మూసుకోమంది. చేపల గాలం తీగలాంటి సన్నటి దారం పట్టుకుంది.

"నేను పాదానికి తాకించినప్పుడల్లా 'ఆ' అనండి."

ఎడమకాలికి తాకించినంతసేపూ గదిలో చప్పుడు లేదు. కుడికాలికి మార్చింది. "ఆ," అన్నాడు. మళ్లీ "ఆ." చంద్రశేఖర్ ఊపిరి వదిలాడు. ఇంతలో ఆవిడ దారం పైకెత్తి ఊరికే ఆగింది.

"ఆ," అన్నాడు సోమరాజు.

"దారం గాల్లో ఉంది సోమరాజూ," అన్నాను.

కళ్లు తెరిచి చూశాడు. మళ్లీ మూసుకుని, "ఈసారి నిజం చెబుతానమ్మా," అన్నాడు. మడమ దగ్గర తెలిసింది. బొటనవేలి దగ్గర ఆవిడ ఎన్నిసార్లు ఒత్తినా అతని పెదవి కదలలేదు.

"కుడికాలికీ మొదలైందండీ. మీరిక బండి నడపకూడదు," అంది డాక్టరమ్మ.

కొడుకు ఏదో అనబోతే భాను చెయ్యి పట్టుకుని ఆపింది. సోమరాజు చాలాసేపు చెప్పులు వెతుక్కున్నాడు. అవి కళ్ల ముందే ఉన్నాయి.

"వట్లూరు మాత్రం రానురా," అన్నాడు చివరికి.

"రావద్దు లెండి," అంది భాను. "నేను పొద్దున్నే వచ్చి గట్టు మీదికి తీసుకెళతాను."

"రోజూనా?"

"మీరు తిట్టకుండా ఉంటే రోజూ."

"తిట్టకుండా ఎలా కుదురుతుంది?"

బండి బుక్ చేయడానికి వెళ్లినప్పుడు ఆటోమేటిక్ అని భాను చెబుతుంటే అతను అడ్డుపడలేదు. మధ్యలో బెంచీ సీటు వేయించుకున్నాం. సోమరాజు మాత్రం ముందు ఎడమవైపు సీట్లో ఎక్కి కూర్చుని, మనోజ్‌ని పిలిచి దాన్ని ముందుకి జరపమన్నాడు. కాస్త జరిపాడు. ఇంకా అన్నాడు. అద్దానికి ముక్కు తగిలేంత దగ్గరికి వచ్చాడు.

"ఇక్కడ్నుంచి చూస్తేగానీ గట్టంచు కనపడదు," అన్నాడు. "ఈ అమ్మాయికి ఎడమ చక్రం ఎక్కడుందో చెప్పాల్సింది నేనే."

"మరీ ముందుకైతే కాళ్లకి చోటు చాలదండీ."

"కాళ్ల సంగతి నాకొదిలెయ్యవయ్యా. నువ్వు జరుపు."