పసుపు కడిగిన వేలు

మా డాక్టరమ్మ ఇక లేరు. ఆ కబురు కామారెడ్డి బస్సులోనే ఎల్లారెడ్డికి వచ్చింది. వారం వారం మాకు నెత్తురు చుక్కలు పట్టే గాజు పలకల పెట్టె తెచ్చే డ్రైవరన్న ఆ రోజు పెట్టె నా చేతికిచ్చి, భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "అమ్మ పోయింది బిడ్డా. జ్వరం దిగనే లేదు" అన్నాడు.

ఆమె కామారెడ్డి వెళ్లింది మా కోసమే. ఎల్లారెడ్డిలోని మా చలిజ్వర పరిశోధనశాల రెండు గదులది. పెద్ద ఆఫీసు కామారెడ్డిలో ఉండేది. జీతాలు సర్కారువి. సూక్ష్మదర్శిని మాత్రం ఒక దొర కొనిచ్చాడు. మేమందరం దాన్ని అద్దమనేవాళ్లం. మా శాఖ మూసి, ఆ ఖర్చు వేరే పనికి పెడదామని పెద్ద ఆఫీసు అనుకుంటోందని తెలిసి, మాట్లాడి వస్తానని ఒళ్లు కాలుతుండగానే బస్సెక్కారు.

మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. పలకల మీద పేర్లు రాసే పని నాకిచ్చింది ఆమే. "నంబరు వేస్తే చాలదా అమ్మా?" అంటే, "జ్వరం నంబరుకొస్తదా బిడ్డా? పేరు రాయి" అనేవారు.

మొదట్లో నెత్తురు తీస్తారంటే ఊళ్లు హడలిపోయేవి. "సూదోళ్లొచ్చిండ్రు" అని తలుపులు వేసుకునేవి. అందుకని డాక్టరమ్మ ఒక పద్ధతి పెట్టారు. ఎవరి నెత్తురు తీస్తే వాళ్లకే అద్దంలో చూపించాలి. పలకకు రంగు పట్టి ఆరేదాకా వాళ్లు అరుగు మీద కూర్చునేవారు. పోచారం అవ్వ మొదటిసారి కన్ను పెట్టి చూసి, "ఓయమ్మో, గివన్ని నా లోపటియేనా? గింతమంది నన్ను తింటుంటే నేనెట్ల బలుస్త?" అంది. డాక్టరమ్మ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు.

తర్వాత అవ్వ తన వాడకట్టు ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకొచ్చింది. సూది గాయం మానాలని అందరూ ముందే వేళ్లకు పసుపు పూసుకున్నారు! పలకలన్నీ పచ్చబడి పాడయ్యాయి. డాక్టరమ్మ కోప్పడలేదు. నీళ్ల గోలెం దగ్గర కూర్చుని, ఒక్కొక్కరి వేలూ తానే సబ్బుతో కడిగారు. "నెత్తురిచ్చినంక పూసుకోండ్రి" అన్నారు.

తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన, "వీళ్లకు చూపిస్తూ కూర్చుంటే పనెప్పుడు చేస్తరు?" అని విసుక్కున్నాడు.

"సర్కారు జీతమిస్తది, దొర అద్దమిచ్చిండు. నెత్తురెవరిచ్చిండ్రు సాబ్? వీళ్లు గూడ చందాదార్లే. వీళ్లకు చూపొద్దా?" అన్నారామె.

ఆమె పోయాక ఎక్కువ రోజులు ఆగలేదు. శాఖ మూసేశారు. అద్దాన్ని గోనెపట్టాలో చుట్టి, అదే బస్సులో కామారెడ్డికి పంపించేశారు.

మొన్న సంత రోజు, తాళంచెవి అప్పగించే ముందు గదులు ఊడ్చి వద్దామని వెళ్లాను. అరుగు మీద పోచారం అవ్వ, ఆమె వెనుక నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చున్నారు.

"డాక్టరమ్మ లేదవ్వా" అన్నాను.

"ఎరుకే బిడ్డా. నువ్వున్నవు గద" అంది.

లోపల అద్దం లేదు. నా చేతిలో చీపురు తప్ప ఏమీ లేదు. అవ్వ కొంగుతో వేలు తుడుచుకుని, నా ముందుకు చాపింది.

"పసుపు లేదు, సూడు. కడుక్కొనే వచ్చిన."