యాభై గుంటలు

ఇప్పుడు నేను ఒక ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తాను. మధ్యాహ్నం కళ్లు బరువెక్కితే చాలు, మళ్లీ లాల్‌గడి మలక్‌పేట్‌లో మా ఇంటి వసారాలో ఉంటాను. ప్లాట్లు అమ్మే బాపు తన ఆఫీసులోంచి తెచ్చి పడేసిన పాత కంప్యూటరు, దాని ముందు స్కూలు గౌనులో నేను. తెర మీద ఒక పచ్చ చుక్కను ఈ మూల నుంచి ఆ మూలకు నడిపించడమే అప్పట్లో నా లోకం. ఫ్యాను గాలికి పరదా ఊగేది, చుక్క మెల్లగా సాగేది, నేను మేలుకుని ఉన్నానో కల కంటున్నానో తెలిసేది కాదు.

ఇంటర్ అయ్యాక కంప్యూటర్ కోర్సు ఫారం తెచ్చుకున్నాను.

"గా సుక్కలాటకు ఒక సదువా? టీచర్ ట్రైనింగ్ జెయ్యి," అన్నాడు బాపు.

నాకు ఒళ్లు మండింది. "ఆట గాదు బాపూ, నీ భూముల లెక్క జేసి సూపిస్త."

"సూపియ్యి. సక్కగొస్తే సంతకం పెడ్త."

రెండు కొలతలు కొడితే కూడి చెప్పే ప్రోగ్రాము రాశాను. ఆదివారం పొద్దున బాపు, ఆయన తమ్ముడు చిన్నాయిన, వాళ్లమ్మ అయిన మా అవ్వ కూర్చున్నారు. పక్కపక్కనే ఉన్న రెండు మెట్ట చెల్కలు, బాపు కాగితంలో ఒక్కోటి 1.25. కొట్టాను. తెర మీద 2.50 వచ్చింది.

చిన్నాయిన పడీ పడీ నవ్వాడు. "రెండెకరాల యాభై గుంటలా! గిదేం లెక్క బిడ్డా?"

మా దగ్గర చుక్కకు ముందువి ఎకరాలు, వెనకవి గుంటలు. నలభై గుంటలైతే ఎకరం. పుట్టినప్పటి నుంచి వింటున్నదే! అయినా బడిలో దశాంశాలు కూడినట్టు కూడిపారేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. బాపు ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అందరూ వెళ్లాక కంప్యూటరును తిడుతూ ఏడ్చాను. అవ్వ వచ్చి పక్కన కూర్చుంది.

"నలభైకి ఎకరమని దానికి జెప్పినవా?"

"లేదవ్వా."

"మరి దాన్నెందుకు తిడుతున్నవ్? జెప్పకుంటె దానికెట్ల ఎర్కయితది?"

అవ్వ వేళ్ల మీద గుంటలు లెక్కపెట్టింది. నలభై కాగానే పిడికిలి బిగించి, "ఇగో, ఎకరం. మిగిలినయి మల్ల మొదటికెళ్లి," అంది. ఆమె చెబుతుంటే నేను రాసుకుంటూ పోయాను. చెరువు వైపు నుంచి చల్లగాలి వస్తోంది. అంత హాయిగా నేను మళ్లీ ఎన్నడూ ఏదీ రాయలేదు.

సాయంత్రం బాపు తానే కూర్చుని పొద్దుటి అంకెలే కొట్టాడు. మూడెకరాల పది గుంటలు. నమ్మక మళ్లీ కొట్టాడు. అదే వచ్చింది.

"పొద్దుగాల తెల్వనిది గిప్పుడెట్ల తెలిసింది దీనికి?"

అవ్వ నా తల మీద చెయ్యి వేసింది. "నేను దీనికి నేర్పిన. ఇది దానికి నేర్పింది. ఇగ ఆ కాయితం తియ్యి."

బాపు ఫారం తీసి విప్పాడు. సంతకం పెట్టబోయి ఆగాడు.

"నేర్పింది నువ్వేనాయె. నువ్వే పెట్టవ్వా."

కాలేజీ గుమాస్తా ఆ ఫారాన్ని రెండుసార్లు తిప్పి చూశాడు. పెద్దల సంతకం ఉండాల్సిన చోట మా అవ్వ వేలిముద్ర ఉంది.