టీజీ జలాల్ పాస్‌పోర్టు

సిద్దిపేట పాత బస్టాండు వెనక సందులో జలాల్ పెయింటర్ అంటే ఆ రోజుల్లో తెలియనివాళ్లు లేరు. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉంది. బండి నంబరు ప్లేటు మీద ఏపీ అన్న అక్షరాలు కనిపిస్తే జనానికి ఒళ్లు మండేది. వాటిని చెరిపించి టీజీ అని రాయించుకోవడానికి స్కూటర్లు, ఆటోలు, ట్రాక్టర్లు అతని దుకాణం ముందు వరస కట్టేవి. సర్కారు ఒప్పుకోని అక్షరాలే అయినా, జలాల్ చేతిలో పడితే సర్కారే వేసినట్టు ఉండేవి. ఉద్యమానికి పైసలేంది అని ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు. అలా అతనికి టీజీ జలాల్ అన్న పేరు మిగిలింది. ఇంట్లో బియ్యం మాత్రం మిగిలేవి కావు.

నిజానికి అప్పటికే అతని చేతిపనికి రోజులు దగ్గరపడ్డాయి. ఊళ్లోకి ఫ్లెక్సీ మిషన్లు దిగాయి. పెళ్లయినా చావయినా ధర్నా అయినా గంటలో అచ్చేసి కట్టేస్తున్నారు. ముఖాలు నిండుగా, ఉన్నదానికంటే తెల్లగా పడతాయి కాబట్టి నాయకులకు ఫ్లెక్సీ అంటే ప్రాణం. అలాంటప్పుడు బహ్రెయిన్‌లో దుకాణాలకు చేత్తో బోర్డులు రాసే వర్క్‌షాపు ఒకటుందని, అక్కడ పెయింటర్ కావాలని కబురొచ్చింది. వీసా కూడా వచ్చింది. భార్య కుల్సుం చాలాకాలం తర్వాత మనసారా నవ్వింది. ఈ నౌకరీ నిలబడితే జలాల్ కుంచెతోనే బతకొచ్చు. పోతే ఆటో తోలుకోవాలి. అతనికి ఆటో తోలడం రాదు.

అన్నీ కుదిరిన చోట భూపతి సేటు వేలు పెట్టాడు. భూపతిది బట్టల దుకాణం. ఉద్యమంలో ఆ వీధి కమిటీకి అధ్యక్షుడు. ఆయన్ని ఎవరు ఎన్నుకున్నారో ఎవరికీ తెలియదు గానీ మైకు మాత్రం ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది. నిరాహార దీక్ష టెంటులో ముందు కుర్చీ ఆయనదే. భోజనాల వేళకు ఆ కుర్చీ ఖాళీ అయ్యేది, కాసేపటికి ఆయన మీసాలు తుడుచుకుంటూ వచ్చి మళ్లీ దీక్షలో కూర్చునేవాడు. జలాల్ సంబరంగా పాస్‌పోర్టు చూపిస్తే అటూ ఇటూ తిప్పి, చివరి పేజీలో అడ్రసు దగ్గర ఆగి పెదవి విరిచాడు.

"గిదేంది భాయ్. ఊరి బండ్లన్ని మార్చినవ్, నీ పాస్‌పోర్టు మీద ఆంధ్రప్రదేశ్ అని పెట్టుకొని పోతవా? గాడ నల్గురు చూస్తే ఏమనుకుంటరు?"

"సర్కారు కితాబ్ కద సేట్," అన్నాడు జలాల్.

"బండి నంబరు సర్కారుది కాదా? నా పాస్‌పోర్టు మీద గూడ నీతోనే రాయిస్త. ఇంట్ల ఉన్నది, రేపు తెస్త."

ఆ రేపు ఎప్పటికీ రాలేదు. కానీ మాట మాత్రం జలాల్ బుర్రలో తిష్ఠ వేసింది. కుల్సుం ఎంతో చెప్పి చూసింది. "నీకు గంత రాయాలనుంటే వంటింటి గోడ ఉన్నది, నీ ఇష్టమొచ్చినట్టు రాసుకో. దాన్ని మాత్రం ముట్టకు," అంది. అతను వింటేగా. ఆ పేజీ రంగులోనే రంగు కలిపి, ఆంధ్రప్రదేశ్ అన్న మాటను సన్నగా కప్పేసి, దాని మీద ఇంగ్లీషు అచ్చు అక్షరాల్లో తెలంగాణ అని రాశాడు. ఆ పుస్తకం అచ్చేసినవాడు చూసినా తన పనే అనుకునేలా రాశాడు. కొంప ముంచింది కూడా ఆ నైపుణ్యమే.

సంగతి తెలిసి భూపతి సన్మానం పెట్టించాడు. పెయింటర్‌కు సన్మానం, అదీ ఫ్లెక్సీ కట్టి. దాని మీద భూపతి ముఖం గంగాళమంత ఉంది. జలాల్ ఫొటోకు జాగా చాలలేదు. "పాస్‌పోర్టు మీదే తెలంగాణ రాసిన వీరుడు టీజీ జలాల్‌కు ఘన సన్మానం. నీకు అండగా నేనున్నా. మీ భూపతి" అని అచ్చేశారు. జలాల్ మెడలో దండ పడింది, అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. సభ అయ్యాక కుల్సుం ఆ ఫ్లెక్సీని విప్పుకొచ్చి తలుపులేని స్నానాల గదికి అడ్డం కట్టింది. ఆ సన్మానంలో వాళ్లింటికి పనికొచ్చిన వస్తువు అదొక్కటే.

జలాల్ విమానం ఎక్కాడు. మస్కట్‌లో దిగి ఇంకో విమానం పట్టుకోవాలి. ఇక్కడ బయల్దేరేటప్పుడు ఫొటో చూశారు, వీసా చూశారు, ముద్ర వేశారు. చివరి పేజీ దాకా ఎవరికీ పని పడలేదు. మస్కట్‌లో పడింది. టికెట్లు చేసిన ఏజెంటు ఎల్లన్న చవకగా వస్తాయని రెండు విమానాలకూ వేరువేరు టికెట్లు కొన్నాడు. అలా కొంటే సామాను దానంతట అది రెండో విమానంలోకి పోదని చెప్పడం మరిచిపోయాడు. నా బ్యాగు ఏదీ అని జలాల్ అడిగిన పాపానికి, బయటికి పోయి తెచ్చుకోవాలని పాస్‌పోర్టు ఆఫీసరు దగ్గరికి పంపారు. ఆయనకు ఉర్దూ వచ్చు. తీరికగా ఒక్కో పేజీ తిప్పుతూ చివరికి వచ్చి, బొటనవేలితో ఒకచోట రుద్ది, పుస్తకాన్ని నీలిరంగు దీపం కింద పెట్టాడు. పేజీ అంతా మెరిసింది. తెలంగాణ ఒక్కటే మెరవలేదు.

"ఇది ఎవరు రాశారు?"

పిల్లలు పాడుచేశారని చెబితే సరిపోయేదేమో. కానీ పనితనం గురించి అడిగితే జలాల్‌కు అబద్ధం రాదు.

"నేనే సాబ్. అతుకు కనవడ్తలేదు కద?"

"తెలంగాణ ఎక్కడుంది?"

"మా దగ్గరనే సాబ్. ఇంక రాలేదు. వస్తది."

"ఇంకా రాని రాష్ట్రం నుంచి నువ్వెట్లా వచ్చావు?"

జలాల్ గొంతు సవరించుకుని నీళ్లు, నిధులు, నౌకరీల నుంచి మొదలుపెట్టాడు. ఎప్పుడెప్పుడు ఎవరు మోసం చేశారో చెప్పాడు. అదే ఉపన్యాసానికి సిద్దిపేట టెంటులో చప్పట్లు మోగేవి. ఇక్కడ వెనక వరసలో జనం ఆవలించారు, ఆఫీసరు ఫోను ఎత్తాడు.

కస్టమ్స్ వాళ్లు బ్యాగు పట్టుకొచ్చి బల్ల మీద కుమ్మరించారు. వెంట్రుక మందం కుంచెలు, నల్లరంగు, స్కేలు, భూతద్దం, వాటి కింద బహ్రెయిన్‌లో మనవాళ్లకు చూపిద్దామని పెట్టుకున్న టీజీ నంబరు ప్లేటు. దొంగ పత్రాలు చేసేవాడికి కావలసిన సరంజామా అంతా ఒక్కచోటే ఉంది. ఆఫీసరు ప్లేటు పైకెత్తాడు.

"ఇదీ నువ్వేనా?"

"ఊరంత నేనే సాబ్."

ఆయన నవ్వాపుకుని, జలాల్‌ను వచ్చిన దారినే తిరుగు విమానం ఎక్కించాడు. మనిషి చెడ్డవాడు కాదు. "మీ రాష్ట్రం వచ్చాక రా," అని భుజం తట్టి పంపాడు.

ఇక్కడ దిగగానే పాస్‌పోర్టు లాక్కున్నారు. హైదరాబాద్ పాస్‌పోర్టు ఆఫీసులో విచారణ. ఉద్యమం మోజులో రాశాడని పెద్దమనిషి ఎవరైనా వచ్చి చెబితే జరిమానాతో వదిలి కొత్త పుస్తకం ఇస్తామని, లేకపోతే దొంగ పత్రాల కేసు పెడతామని ఆఫీసరమ్మ చెప్పింది. బహ్రెయిన్ వాళ్లు కొన్నాళ్లు ఆగుతామన్నారు. జలాల్ గుండె కొంచెం కుదుటపడింది. పెద్దమనిషి ఎలాగూ ఉన్నాడు, ఫ్లెక్సీ మీద మాట కూడా ఇచ్చాడు.

భూపతి దుకాణంలో బట్టలు మడతపెడుతూ తల ఎత్తలేదు.

"పాస్‌పోర్టా? నాకేం తెల్వది భాయ్. సర్కారు కాయిదం మీద ఎవలన్న రాస్తరా? వచ్చే నెల మా వ్యాపారులమంత బ్యాంకాక్ పోయేది ఉన్నది. గీ కిరికిరిల నన్ను పెట్టకు."

జలాల్ బయటికి వచ్చాడు. సేటు కారుకు ఏపీ ప్లేటు ఉంది. బెజవాడకు సరుకు కోసం పోయేటప్పుడు తగిలించుకోవడానికి జలాలే రాసిచ్చిన ప్లేటు అది. అప్పుడు అతనికి తప్పనిపించలేదు. ఇప్పుడు సందు మలుపులో నిలబడి ఏడ్చాడు.

కుల్సుం ఏడవలేదు. స్నానాల గది దగ్గరికి పోయి ఫ్లెక్సీ విప్పింది, సబ్బు మరకలు కడిగింది, చుట్టచుట్టి భుజాన వేసుకుని మొగుణ్ని బస్సెక్కించింది. ప్రజ్ఞాపూర్ దగ్గర ఎక్కినవాళ్లు ధర్నాకు పోతున్నారనుకుని ఆమెకు సీటు కూడా ఇచ్చారు. ఆఫీసులో ఎవరు వద్దంటున్నా వినకుండా నేల మీద పరిచేసింది. భూపతి ముఖం గోడ నుంచి గోడ దాకా నవ్వింది.

"ఎవరమ్మా ఈయన?" అంది ఆఫీసరమ్మ.

"అండగ ఉంటనన్న పెద్దమనిషి మేడం. రమ్మంటే రాలే. గందుకే ముఖం తెచ్చిన."

ఆఫీసరమ్మ ఫ్లెక్సీ మీది రాతంతా చదివింది. ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదని, కేసు లేదని, జరిమానా కట్టి కొత్త పాస్‌పోర్టు తీసుకోమని చెప్పింది. చేతిపనిని మింగేసిన ఫ్లెక్సీయే జలాల్‌ను గట్టెక్కించింది. తర్వాత ఆమె ఏదో తట్టినట్టు అడిగింది.

"ఈయన తన పాస్‌పోర్టు మీద కూడా రాయించుకున్నాడా?"

"రాయిస్తనన్నడు మేడం," అన్నాడు జలాల్, అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు. "ఇంట్ల ఉన్నదన్నడు."

కొత్త పుస్తకంలో ఆంధ్రప్రదేశ్ అనే ఉంది. కుల్సుం దాన్ని ఎయిర్‌పోర్టు గుమ్మం దాకా తన దగ్గరే దాచి, అక్కడ చేతికిచ్చింది. ఈసారి ఒకే టికెట్టు. జలాల్ బహ్రెయిన్ చేరాడు. ఫ్లెక్సీ మళ్లీ స్నానాల గదికి ఎక్కింది, సేటు ముఖం బయటికి ఉండేలా.

భూపతికి మాత్రం నోటీసు వచ్చింది. వ్యాపారులంతా బ్యాంకాక్ పోయిన రోజున ఆయన ఆఫీసు బల్లల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, తన పాస్‌పోర్టులో ఎక్కడా తెలంగాణ లేదని రుజువు చేసుకోవడానికి.